పొడి డబ్బాల వెనక గిన్నె

మా ఆవిడ బాత్‌రూమ్‌లో జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్న దగ్గర్నుంచి వంటింట్లో నా ఉద్యోగం మొదలైంది. ఆ చేత్తో గరిటె కూడా పట్టుకోవద్దని నందిగామ డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆమె వంటింటి గుమ్మంలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. ఆమె చెబుతుంది, నేను చేస్తాను. రిటైరయ్యాక కూడా నాకు పై అధికారి తప్పలేదు.

మొన్న ఆదివారం కూర కారం చేస్తున్నాం. వారం మొత్తానికీ ఒకేసారి చేసి పెట్టుకుంటే రోజూ అంత హైరానా ఉండదని ఆమె పద్ధతి. ధనియాలు, శనగపప్పు బాగానే వేగాయి. ఎండుమిరపకాయలు వేశాక ఫోన్ మోగితే అటు తిరిగాను. తిరిగి చూసేసరికి బాణలి నల్లబడింది, ఇల్లంతా ఘాటు కమ్మేసింది. ఇద్దరం దగ్గలేక చచ్చాం.

"కిటికీ తియ్యండి ముందు. పక్క ఫ్లాటువాళ్ళు ఏదో తగలబడిందనుకుని పరిగెత్తుకొస్తారు."

ఆ దగ్గుతోనే మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నాం. ఫ్రిజ్‌లోంచి కూర డబ్బా తీసి, మూత తెరిచి, అలవాటు కొద్దీ వాసన చూసి అడిగాను.

"ఇది ఎప్పటిది?"

ఆమె ఎడం చేత్తో నీళ్ళ గ్లాసు జరుపుకుని, "పెళ్ళయిన దగ్గర్నుంచీ అడుగుతూనే ఉన్నారు. ఈ ప్రశ్న మీకెవరు నేర్పారండీ?" అంది. కోపంగా అనలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు అడిగింది.

ఎవరు నేర్పారో నాకు తెలుసు. అప్పుడు చెప్పలేకపోయాను. అందుకే ఇది రాస్తున్నాను.

మా ఇల్లు జగ్గయ్యపేటలో. ముందు వసారా, మధ్యలో ఒక పెద్ద గది, వెనక వంటిల్లు ఉన్న పెంకుటిల్లు. నాన్న ఊరి బయట సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. సాయంత్రం వచ్చేసరికి కనుబొమల మీద బూడిదరంగు దుమ్ము ఉండేది. ఇంటికి పెద్ద మా నాయనమ్మ. మోకాళ్ళ నొప్పులతో కింద కూర్చుని లేవలేక పొయ్యి దగ్గరి పని మానేసింది గానీ, వంటింటి మీద పెత్తనం మానలేదు. వసారాలో నవారు మంచం మీద కూర్చునే ఆవిడ పోపు వాసనను బట్టి ఇంగువ పడిందో లేదో చెప్పేది.

నాకు ఊహ తెలిశాక అమ్మకి నందిగామ కోర్టులో టైపిస్టుగా ఉద్యోగం వచ్చింది. పెళ్ళికి ముందు సరదాగా నేర్చుకున్న టైపు అది. ఉద్యోగం కాగితం వచ్చిన రోజున నాన్న వాళ్ళమ్మ మొహం చూశాడు. నాయనమ్మ చాలాసేపు తమలపాకు ఈనెలు తీస్తూ కూర్చుని, చివరికి అంది.

"చేసుకోమ్మాయ్. నేనొద్దన్ను. కానీ ఒక్క మాట. నా కొడుకు పళ్ళెంలో ముందునాటి వంట పడకూడదు. పడిందని తెలిసిన్నాడు నీ బస్సు ఆగిపోవాల."

"సరే అత్తయ్యా," అంది అమ్మ.

"ఏరా, నువ్వేమంటావు?"

"సరేనమ్మా," అన్నాడు నాన్న.

ఆ షరతు వెనక ఒక చావు ఉంది. మా తాతయ్య ఎక్కడో పెళ్ళికి వెళ్ళి, మర్నాడు అక్కడే మిగిలిన కూర తిని వచ్చి, వాంతులు పట్టుకుని పోయాడు. అప్పటికి నాన్న ఇంకా పాలు మరవని పిల్లాడు. కూర వల్లే పోయాడో, ఆ రోజుల్లో ఊళ్ళ మీద పడిన జబ్బు వల్ల పోయాడో ఎవరూ తేల్చలేదు. నాయనమ్మకు మాత్రం అనుమానం లేదు. నిన్నటి కూర అంటే ఆవిడకు అది తిండి కాదు, ఆ మనిషి.

కాబట్టి అమ్మ ఉద్యోగం పొద్దున్న ఎనిమిది దాటాక వచ్చే బస్సు మీద కాక, మా పళ్ళేల మీద నిలబడి ఉండేది. ఇంట్లో అందరికీ ఆ సంగతి తెలుసు. రోజూ రాత్రి నాన్న మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే నాయనమ్మ వసారాలోంచి అడిగేది.

"వేడిగా ఉందా నాయనా?"

"ఉందమ్మా."

ఆ "ఉందమ్మా" వినేదాకా అమ్మ గరిటె కదిపేది కాదు.

అయితే ఆ షరతులో ఒక సందు ఉంది. దాన్ని మొదట కనిపెట్టింది అమ్మే. నీళ్ళు తగిలి ఉడికింది వంట. నీళ్ళు తగలకుండా వేయించి దంచింది వంట కాదు. దీని మీద అత్తాకోడళ్ళకు పెద్ద వాదనే జరిగింది. కందిపొడి సంగతి తేలికగానే తేలింది. "పొడి వంటెట్టా అవుతుంది? అది సరుకు," అని నాయనమ్మే తీర్పు చెప్పింది. పేచీ చింతపండు దగ్గర వచ్చింది. అమ్మ ఒక ఆదివారం చింతపండు నానేసి, గుజ్జు తీసి, నూనెలో దగ్గరకు ఉడికించి సీసాకెత్తబోయింది.

"అదేంటది?"

"చింతపండు గుజ్జు అత్తయ్యా. వారమంతా పనికొస్తుంది."

"నానేసావా లేదా?"

"నానేసా."

"నీళ్ళు తగిలినియ్యి. వంటే. ఇయ్యాలే వాడెయ్యి."

"మరి ఆవకాయో? మామిడికాయలో రసం లేదా అత్తయ్యా? ఏడాది తింటన్నాం కదా."

"ఊరగాయ ఊరగాయే. నీ కోర్టు వాదన కోర్టులో పెట్టుకో, ఇక్కడ జడ్జీని నేను."

అమ్మ నవ్వేసింది. కానీ ఆ వారంలోనే చింతపండును ఈనెలూ గింజలూ తీసి ఎండలో గలగలలాడేదాకా ఎండబెట్టింది. చుక్క నూనెలో వేయించి, కందిపప్పు, మిరియాలు, జీలకర్ర, ఎండుమిరపకాయలతో కలిపి దంచింది. చెంచాడు పొడి మరిగే నీళ్ళలో వేస్తే చారు. నాయనమ్మ అరచేతిలో పోయించుకుని నాలిక్కి రాసుకుని, కాసేపు కళ్ళు మూసుకుని, "సరుకే," అంది. అమ్మ మొహం ఆ రోజు పరీక్ష పాసైన పిల్లలా ఉంది.

ఆ డబ్బాల వరస ఇప్పటికీ నా కళ్ళ ముందుంది. పాలపొడి డబ్బాలు, బిస్కెట్ల డబ్బాలు, ఒక హార్లిక్స్ సీసా. కందిపొడి, నువ్వుల పొడి, కరివేపాకు పొడి, కూర కారం, వెల్లుల్లి కారం, చారు పొడి. వాటి కోసం అమ్మ ప్రత్యేకంగా టైము పెట్టుకోగా నేను చూడలేదు. పాలు పొంగేలోగా మిరపకాయల తొడిమలు తీసేది. నాన్న స్నానానికి రంపపు పొట్టు పొయ్యి మీద నీళ్ళు కాచి దించాక, ఆ మిగిలిన సెగ మీద ధనియాలు వేయించేది. నాకు ఎక్కాలు అప్పజెప్పించుకుంటూ నువ్వుల్లో రాళ్ళు ఏరేది. తప్పు చెప్పానా, ఏరుతున్న చెయ్యి ఆగేది.

బస్సులో కూడా అంతే. సెలవుల్లో ఒకసారి నన్ను తనతో నందిగామ తీసుకెళ్ళింది. సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు బస్టాండు దగ్గర గోంగూర కట్టలు కొని, సీట్లో కూర్చోగానే ఒళ్ళో తుండుగుడ్డ పరిచి ఆకు దూయడం మొదలుపెట్టింది. పక్క సీటావిడ చూసి, "ఇటియ్యమ్మా ఒక కట్ట, ఊరికే కూచుని ఏం చేస్తాం," అంది. వెనక సీటావిడ చెయ్యి చాచింది. చిల్లకల్లు వచ్చేసరికి ముగ్గురు ముక్కూమొహం తెలియని ఆడవాళ్ళు మా గోంగూర దూస్తున్నారు. కండక్టరు టిక్కెట్లు కొట్టుకుంటూ వచ్చి అన్నాడు.

"ఏమ్మా, పొయ్యి కూడా తెచ్చారా? ఇక్కడే పోపు పెట్టేస్తే డ్రైవరుకి కూడా ఒక ముద్ద పెడుదురు."

"నువ్వు నూనె తెచ్చివ్వు బాబూ, పెట్టేస్తాం," అంది వెనక సీటావిడ.

బస్సంతా నవ్వారు. అమ్మ అంత గట్టిగా నవ్వడం ఇంట్లో చూడలేదు. నాకు ఎందుకో అది నచ్చలేదు.

కోర్టులో మధ్యాహ్నం విరామంలో వెల్లుల్లి పొట్టు తీసేది. ఒక వకీలు గారు నకలు కాగితం ముక్కు దగ్గర పెట్టుకుని, "అమ్మా, ఈ తీర్పు చదివితే ఆకలేస్తోందండీ," అన్నాడట. అమ్మ ఆ మాట ఇంటికి వచ్చి చెబితే నాన్న నవ్వబోయి, వసారా వైపు చూసి ఆగిపోయాడు.

ఇక నా సంగతి చెప్పాలి. ఆ ఇంట్లో నేను నాయనమ్మ మనిషిని. బడి నుంచి రాగానే దగ్గరికి వేసిన తలుపు, గూట్లో మూత పెట్టిన అటుకులు, అమ్మ లేని వంటిల్లు. మా వీధిలో మిగతా పిల్లల ఇళ్ళలో ఆ వేళకు బూరెల మూకుడు పొయ్యి మీద ఉంటుందని నా నమ్మకం. రోజూ ఉండదని ఇప్పుడు తెలుసు. అప్పుడు తెలుసుకోదల్చుకోలేదు. నాయనమ్మ నన్ను మంచం దగ్గరికి పిలిచి, కొంగుముడిలోంచి బెల్లం ముక్క తీసి, "పొద్దున మీ అమ్మ కూర ఎప్పుడు తరిగిందిరా? నువ్వు చూసావా?" అని అడిగేది. నేను చూసింది చూసినట్టు చెప్పేవాణ్ణి. చూడనిది కూడా ఒకటి రెండుసార్లు కలిపాను. అమ్మ ఇంట్లో ఉండాలని కోరుకోవడం అమ్మ మీద ప్రేమ అనుకున్నాను. అది ఆకలి, అంతకంటే ఎక్కువ పెంకితనం.

ఒక ఏడాది చలికాలం మొదట్లో ముసురు పట్టింది. ఎక్కడో తుఫానట, మాకు మాత్రం ఆగని సన్న వాన. డబ్బాల్లో పొడులు చెమ్మగిల్లి ఉండలు కట్టాయి. పొట్టు పొయ్యి రాజుకోదు, కిరసనాయిలు స్టవ్వు మీద ఒక్క గిన్నె తర్వాత ఒక్క గిన్నె. బస్సులు వేళకు రావు. అమ్మ చీకటి పడ్డాక తడిసిన చెప్పులతో వచ్చి, చీర కూడా మార్చుకోకుండా పొయ్యి ముట్టించేది. ఒకరోజు అన్నం వారుస్తూనే కునికింది. గంజి పాదం మీద పడింది. అరవలేదు. అరిస్తే వసారాలో వినపడుతుంది.

ఆ మర్నాడు నేను మంచినీళ్ళ కోసం వంటింట్లోకి వెళ్ళి అది చూశాను. పై అలమరలో పొడి డబ్బాల వెనక, చీమలు పట్టకుండా నీళ్ళ పళ్ళెంలో పెట్టిన స్టీలు గిన్నె. మూత తీస్తే ఉల్లిపాయలు ఎర్రగా మగ్గించి, చింతపండు గుజ్జు, కారం, ఉప్పు వేసి దగ్గరకు చేసిన ముద్ద. దాంట్లో నీళ్ళు పోసి వంకాయో ములక్కాడో వేస్తే అయిదు నిమిషాల్లో పులుసు అయిపోతుంది. కానీ అది నీళ్ళు తగిలి ఉడికింది. ముందునాటిది. వెనక్కి తిరిగేసరికి అమ్మ గుమ్మంలో ఉంది.

నన్ను బతిమాలుతుందనుకున్నాను. బతిమాలలేదు. గిన్నె అందుకుని మూత పెట్టి, "ఈ ముసురు తగ్గేదాకానేరా," అంది. నాకు చెప్పినట్టు లేదు, తనకు తాను చెప్పుకున్నట్టుంది.

వాన అలాగే ఉంది. రోజూ రాత్రి నాయనమ్మ అడుగుతూనే ఉంది, "వేడిగా ఉందా నాయనా?" నాన్న "ఉందమ్మా" అంటూనే ఉన్నాడు. నేను పళ్ళెంలోకి చూస్తూ తినేవాణ్ణి. నాకు నిజం తెలుసు. అమ్మకు నాకు తెలుసని తెలుసు. నాయనమ్మ బెల్లం ముక్క ఇచ్చినప్పుడల్లా నా నాలిక చివర ఆ గిన్నె ఉండేది. ఎందుకు చెప్పకుండా ఆగానంటే మంచితనం కాదు. అంత పెద్ద రహస్యం నా చేతిలో ఉండటం బావుంది.

ఒక శనివారానికి అమ్మ సెలవు పెడతానని మాటిచ్చింది. మినప్పప్పు నానేసి గారెలు వేస్తానంది. నేను బళ్ళో అందరికీ చెప్పుకున్నాను. శనివారం పొద్దున్నే చూస్తే అమ్మ జడ వేసుకుంటోంది. సెలవు ఇవ్వలేదు, నకళ్ళు చాలా ఉన్నాయట. "సాయంత్రం పెందలాడే వచ్చేస్తా," అంది. అమ్మ వీధి మలుపు తిరిగేదాకా కిటికీ ఊచలు పట్టుకుని పళ్ళు నూరాను.

ఆ సాయంత్రం దీపాలు పెట్టే వేళకు వత్సవాయి నుంచి మా మేనత్త, మామయ్య దిగారు. మామయ్య ఏదో పొలం పని మీద పేట వచ్చాడట. వానకు తిరుగు బస్సు దొరకలేదు. ఇద్దరూ మోకాళ్ళ దాకా తడిసి ఉన్నారు. పొద్దున్నుంచీ టీ తప్ప ఏమీ తాగలేదని అత్తయ్య చెప్పింది. తుడుచుకోవడానికి తువ్వాలు అందుకుంటూనే ఇల్లంతా ఒకసారి కలియజూసింది.

"ఏదమ్మా నీ కోడలు?"

"వస్తదే. బస్సు."

"దీపాలు పెట్టే యేళకి ఇంట్లో ఆడమనిషి లేకపోతే ఎట్టాగే? ఏరా తమ్ముడూ, నీకేం అనిపించట్లా?"

అప్పుడే ఫ్యాక్టరీ నుంచి వచ్చిన నాన్న మొహం కడుక్కుంటూ, "ఇవాళ వాన కదక్కయ్యా," అన్నాడు. అంతే అన్నాడు.

అల్లుడు ఆకలితో ఇంటికి వచ్చాడు. పొయ్యి చల్లగా ఉంది. నాయనమ్మ కాసేపు గుమ్మం వైపు చూసింది. తర్వాత గోడ పట్టుకుని లేచింది. "నేను చేస్తాలేమ్మా," అని అత్తయ్య లేవబోతే, "నువ్వు కూచో, పుట్టింటికొచ్చి పొయ్యి దగ్గరికెళ్తావా," అని కసిరి, నన్ను భుజం కింద కర్రలా పెట్టుకుని వంటింట్లోకి వచ్చింది. ఎన్నాళ్ళకో ఆ గడప దాటింది. పీట మీద కూర్చోలేక స్టవ్వును గట్టు మీదికి ఎత్తించి, నిలబడే బియ్యం కడిగి ఎసట్లో పోసింది. బుట్టలో నాలుగు వంకాయలు ఉన్నాయి. కందిపప్పు ఉడకాలంటే ఆ స్టవ్వు మీద గంట పడుతుంది.

"చారు పొడి డబ్బా ఏదిరా?"

నేను ముక్కాలిపీట ఎక్కి డబ్బా తీశాను. తీసిన చోట సందు పడింది. సందులోంచి గిన్నె కనపడింది.

"అదేంటి వెనకాల?"

నేను గిన్నె తీసి అందించాను. నాయనమ్మ మూత తీసి వాసన చూసింది. చూపుడువేలు ముంచి నాలిక్కి రాసుకుంది. ఆవిడ ముఖంలో ఏమీ మారలేదు, చెయ్యి మాత్రం గిన్నె అంచు మీద అలాగే ఉండిపోయింది. వసారాలోంచి మామయ్య దగ్గు వినిపించింది. "ఇంకెంతసేపమ్మా?" అని అత్తయ్య కేకేసింది.

నాయనమ్మ ఆ ముద్దను ఇంకో గిన్నెలోకి వంపేసింది. నీళ్ళు పోసింది, వంకాయలు చీరి వేసింది. పులుసు అంతసేపు మరిగించడం నేనెప్పుడూ చూడలేదు. కుతకుతలాడి, ముక్క మెత్తబడి, నీరు ఇగిరితే మళ్ళీ పోసి మళ్ళీ మరిగించింది. స్టవ్వు ముందు నుంచి కదల్లేదు. మోకాళ్ళ నొప్పికి గట్టు పట్టుకుంది.

అందరికీ పళ్ళేలు పెట్టాం. వేడన్నం, కందిపొడి, నెయ్యి, వంకాయ పులుసు, కాల్చిన అప్పడాలు. మామయ్య రెండు ముద్దలు తిని తలెత్తాడు.

"పులుసు అదిరిపోయిందండీ అత్తయ్యగారూ."

"మా అమ్మ చేతి పులుసు తిని ఎన్నాళ్ళయిందో," అంది అత్తయ్య. "ఈ వయసులో నీకు పొయ్యి తప్పలేదు గదమ్మా. కోడలుగారేమో కోర్టులో దొరసాని."

నాన్న అన్నంలో గుంట చేసి పులుసు పోసుకున్నాడు. నాయనమ్మ అతని చేతినే చూస్తోంది.

ఆ క్షణంలో నాలో ఏం కదిలిందో ఇన్నేళ్ళుగా వెతుకుతున్నాను. గారెలు లేవన్న ఉక్రోషం ఉంది. ఈ ఒక్క మాటతో అమ్మ రేపట్నుంచి ఇంట్లో ఉంటుందన్న లెక్క ఉంది. నా దగ్గరున్న రహస్యాన్ని అందరి ముందూ విప్పి చూపించే సరదా కూడా ఉంది, అదే ఎక్కువేమో.

"అది నాయనమ్మ చేసింది కాదు," అన్నాను. "అమ్మ నిన్న చేసి డబ్బాల వెనకాల దాచింది. నిన్నటిది."

మామయ్య చెయ్యి నోటి దగ్గర ఆగిపోయింది. వాన చప్పుడు ఒక్కసారి పెద్దదైనట్టు అనిపించింది. సరిగ్గా అప్పుడే వీధి తలుపు తోసుకుని అమ్మ వచ్చింది. చీర కుచ్చిళ్ళు బురద, చేతిలో తడిసిన సంచి. నా మాట వినపడిందని ఆమె మొహం చూస్తే తెలిసింది.

"అమ్మా!" అంది అత్తయ్య. "అల్లుడికి చద్ది పెట్టావా? ఈ ఇంట్లో? నాన్న పోయిన ఇంట్లో?"

అమ్మ సంచి కింద పెట్టింది. "అత్తయ్యది తప్పేం లేదండీ. నిన్న నేనే చేసి..."

"నువ్వాగమ్మాయ్," అంది నాయనమ్మ.

అందరం ఆవిడ వైపు చూశాం. ఆవిడ గోడకు చేరగిలబడి నిలబడి ఉంది. గొంతు పెంచలేదు.

"చేసి పెట్టమన్నది నేనే. ముసురు కదా, రోజూ అంతసేపు పొయ్యి ముందు కూచోలేక చస్తంది, ముందురోజే చేసి పెట్టుకోమన్నా. నాకు తెలిసే వడ్డించా."

"నువ్వు చెప్పావా? నువ్వు?"

"నేనే. ఏం, నా వంటింట్లో నేను చెప్పకూడదా?"

అత్తయ్య నాన్న వైపు చూసింది. అందరికంటే నేనే ఎక్కువగా చూశాను. నాన్నకు తెలుసు, అది అబద్ధమని. ముందునాటిది వండమన్నది నాయనమ్మే అయితే, వేడిగా ఉందా అని రోజూ తననెందుకు అడుగుతుంది? "అవును, నాకూ తెలుసు" అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆయన పులుసన్నం కలుపుతూ ఉండిపోయాడు. మాట్లాడాల్సిన చోట అన్నం కలుపుతూ ఉండిపోవడం నాకు ఆయన నుంచే వచ్చింది. నోరు మూసుకోవాల్సిన చోట తెరవడం మాత్రం నా సొంతం.

మామయ్య మంచివాడు. చేతిలో ముద్ద తిన్నాడు, మిగతాది మజ్జిగతో ముగించాడు. పులుసు మళ్ళీ ముట్టుకోలేదు. అత్తయ్య పళ్ళెంలోనే చెయ్యి కడిగేసింది.

నాయనమ్మ ఆ పూట భోజనం చెయ్యలేదు. తెల్లవార్లూ నిద్రపోలేదని తర్వాత నాన్నే చెప్పాడు. కన్ను తెరిచినప్పుడల్లా ఆవిడ మంచం మీద కూర్చుని తన వైపే చూస్తూ ఉందట. ఒక మనిషిని అలాంటి కూర వల్లే పోగొట్టుకున్నానని నమ్మే మనిషి, కొడుక్కీ అల్లుడికీ తన చేత్తో అదే వడ్డించి, ఏమవుతుందోనని కాచుకుని కూర్చుంది. నేను హాయిగా నిద్రపోయాను.

పొద్దున్నే అత్తయ్య, మామయ్య కాఫీ కూడా తాగకుండా మొదటి బస్సుకు వెళ్ళిపోయారు. వీధి చివరిదాకా వెళ్ళి మామయ్య మాత్రం ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. ఆ తర్వాత చాలాకాలం అత్తయ్య మా ఇంట్లో చెయ్యి కడగలేదు. వచ్చేది, తల్లి పక్కన కూర్చునేది, తను తెచ్చుకున్న అరటిపండు తిని వెళ్ళేది. నాయనమ్మ "ఒక ముద్ద తినవే" అని ఒకసారే అడిగేది. రెండోసారి అడగటం నేను వినలేదు. నా ఒక్క వాక్యం ఖరీదు ఆవిడ కట్టింది. నన్ను పల్లెత్తు మాట అనలేదు. కొంగుముడిలో బెల్లం కూడా ఎప్పట్లాగే ఉండేది. కూర సంగతి మాత్రం మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

ఆ పొద్దున కోర్టు సెలవు కాబట్టి అమ్మ బస్సెక్కుతుందా లేదా అన్నది ఒకరోజు వాయిదా పడింది. ఆదివారం అమ్మ ఇల్లు కడిగింది, డబ్బాలన్నీ దించి తుడిచి పెట్టింది. సోమవారం పొద్దున ఆమె జడ వేసుకోలేదు. పాత చీరతోనే వంట చేసి, నాన్నకు కేరేజీ కట్టి, నన్ను బడికి తయారుచేసి, వంటింటి గోడకు ఆనుకుని నిలబడింది. షరతు షరతే అన్నట్టు. ఒకరు అబద్ధమాడి కాపాడినంత మాత్రాన మాట తప్పకూడదన్నట్టు. నేను కోరుకున్నది జరుగుతోంది. అమ్మ ఇంట్లో ఉండబోతోంది. నాకు పుస్తకాల సంచి ఎత్తుకోవడానికి చేతులు రాలేదు.

నాయనమ్మ వసారాలోంచి గోడ పట్టుకుంటూ లోపలికి వచ్చింది. ముందు ఫ్యాక్టరీకి బయల్దేరుతున్న నాన్న నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. "కడుపులో ఎట్టా ఉంది?" అంది.

"బానే ఉందమ్మా."

"నిజం చెప్పు."

"బానే ఉంది."

ఆవిడ గూట్లోంచి వెల్లుల్లి బుట్ట దింపించుకుని, మళ్ళీ ఎవరైనా లేపాల్సిందేనని తెలిసి కూడా వంటింటి గుమ్మంలో కాళ్ళు చాపుకుని కూర్చుని ఒక పాయ చిదిమింది. అమ్మ వైపు చూడకుండానే అంది.

"జడేసుకో. బస్సెళ్ళిపోద్ది."

అమ్మ కదల్లేదు.

"నీకేనమ్మాయ్. ఇయ్యి నేను వలుస్తాలే, ఎల్లు."

అమ్మ వెళ్ళింది. రిటైరయ్యేదాకా వెళుతూనే ఉంది. తర్వాతి సంవత్సరాల్లో వెల్లుల్లి వలవడం, చింతపండు ఈనెలు తియ్యడం, మిరపకాయల తొడిమలు తుంచడం నాయనమ్మ పనులయ్యాయి. తను మాత్రం చివరిదాకా ముందునాటిది ముట్టలేదు. ఆవిడ కోసం అమ్మ ఎంత హడావిడిలో ఉన్నా చిన్న గిన్నెలో అప్పటికప్పుడు వేరుగా వండి పెట్టి వెళ్ళేది. అలా వండమని ఆవిడ అడగలేదు. ఎందుకు వండుతున్నావని అమ్మని ఎవరూ అడగలేదు.

ఇద్దరూ ఇప్పుడు లేరు. ఆ శనివారం సంగతి నాకు పూసగుచ్చినట్టు గుర్తుంది. పులుసు మరిగిన వాసన, అప్పడం కాలిన వాసన, తడిసిన సంచి కింద నేల మీద పరుచుకున్న నీళ్ళ మరక. ఎవరు ఎంత తిన్నారో, ఎవరు మధ్యలో ఆపారో, పులుసు గిన్నెలో అడుగున ఎంత మిగిలిందో చెప్పగలను. పొద్దున్న అనగా వెళ్ళి వానలో తడిసి వచ్చిన అమ్మ ఆ పూట ఏమైనా తిన్నదా అన్నది ఒక్కటే గుర్తు రావడం లేదు. మరిచిపోయి కాదు. నేను చూడలేదు.